చిన్న సైనికుడి చేతికి సరైన బల్లెం: వార్‌గేమ్ బొమ్మలకు ఈటెలు ఎంచుకునే, చేసుకునే పద్ధతి

వార్‌గేమ్ అంటే బల్ల మీద చిన్న సైనికుల బొమ్మలతో ఆడే యుద్ధపు ఆట. పెట్టెలోంచి అలాంటి బొమ్మను తీయబోతే వేలికి మొదట తగిలేది దాని బల్లెమే. పొరపాటున కింద పడితే మొదట నేలకు గుద్దుకునేదీ అదే. అందుకే పాత సైన్యాల్లో ఎక్కువగా కనిపించే గాయం ఒంగిపోయిన బల్లెం, లేదా పిడికిలి దగ్గర పుటుక్కున విరిగిపోయిన బల్లెం.

ఇందులో బొమ్మ పోసినవాళ్ల తప్పేమీ లేదు. కరిగిన లోహం సన్నని పొడవాటి సందులోకి పూర్తిగా పారదు. అచ్చు నిండాలంటే కర్రను లావు చేయాలి, పొడవు తగ్గించాలి. పైగా ఈ బొమ్మలకు వాడే తగరపు మిశ్రమం చాలా మెత్తన, రెండు మూడు సార్లు వంచి సరిచేస్తే చాలు, నలిగి ఊడిపోతుంది. ప్లాస్టిక్ బొమ్మలదీ దాదాపు ఇదే కథ. తేడా ఒక్కటే, అది వంగకుండా నేరుగా విరుగుతుంది. అంటే బొమ్మతో వచ్చే బల్లెం ఉండాల్సిన దానికన్నా పొట్టిగా, లావుగా, బలహీనంగా ఉంటుంది. దాన్ని తీసేసి తీగతో చేసింది పెడితే ఈ మూడు లోపాలూ ఒకేసారి పోతాయి. ఒక్క పూట ఓపిక పడితే ఇరవై బల్లేలు తయారవుతాయి.

మాటల దగ్గర గందరగోళం లేకుండా ముందే చెప్పుకుందాం. ఈ వ్యాసంలో విసిరేదాన్ని ఈటె అని, పట్టుకుని పొడిచేదాన్ని బల్లెం అని, గుర్రం మీద పట్టేదాన్ని బరిసె అని అంటాను. కొసన ఉండే ఇనుప భాగం అలుగు. మిగతాది కర్ర, అది ఇత్తడి తీగే అయినా సరే.

మొత్తం పనిని నడిపించే సూత్రం ఒకటుంది: పొడవులో నిజం పాటించండి, లావులో రాజీ పడండి. పొడవు తప్పితే సైన్యం ఏ కాలానిదో తెలియకుండా పోతుంది. లావులో నిజాయితీకి పోతే బల్లెం సూదిలా మారి చేతికి గుచ్చుకుంటుంది.

మొదటి అడుగు: పొడవు లెక్క

పెట్టె మీద బొమ్మ సైజు "28 మి.మీ." అని రాసి ఉన్నంత మాత్రాన లెక్క తేలదు. ఒకరి 28 మరొకరి 30తో సమానం. 15 మి.మీ. అని అమ్మే బొమ్మల్లో చాలావరకు ఇప్పుడు 18 దగ్గర ఉంటున్నాయి. అందుకని బొమ్మనే కొలవండి. నిటారుగా నిలబడ్డ బొమ్మను తీసుకుని అరికాలు నుంచి కంటిదాకా మిల్లీమీటర్లలో కొలవండి. పీఠం మందాన్ని కలపకండి. వచ్చిన అంకెను 1.6తో భాగించండి. మామూలు ఎత్తు మనిషి కన్ను నేల నుంచి సుమారు 1.6 మీటర్ల ఎత్తున ఉంటుంది గనుక, వచ్చే ఫలితం ఆ బొమ్మ లోకంలో ఒక మీటరు ఎన్ని మిల్లీమీటర్లో చెబుతుంది. కన్ను 28 దగ్గర ఉంటే మీటరుకు 17.5 మి.మీ. కన్ను 15 దగ్గర ఉంటే మీటరుకు 9.4. ఇక 1/72 ప్లాస్టిక్ బొమ్మలకు కొలవక్కర్లేదు, మీటరుకు 14 మి.మీ. వేసుకోవచ్చు.

ఇప్పుడు అసలు ఆయుధాల పొడవులు చూద్దాం. గ్రీకు హాప్లైట్, అంటే పెద్ద డాలు పట్టిన పదాతి సైనికుడు, వాడిన డోరు బల్లెం 2 నుంచి 2.5 మీటర్లు. 28 మి.మీ. బొమ్మకు 35 నుంచి 44 మి.మీ. అవుతుంది. వైకింగులకు, 1066లో హేస్టింగ్స్ దగ్గర నిలబడ్డ ఆంగ్లో సాక్సన్ పదాతికి కూడా అదే పొడవు నప్పుతుంది. రోమన్ సైనికులు విసిరే బరువైన ఈటె పైలం సుమారు 2 మీటర్లు, అంటే 35 మి.మీ. చేత్తో విసిరే తేలికపాటి ఈటెలు 1.2 నుంచి 1.5 మీటర్లు, అంటే 21 నుంచి 26 మి.మీ. రెండు చేతులా పట్టే కొంటోస్ బరిసె సుమారు 4 మీటర్లు, కాబట్టి 70 మి.మీ. పదిహేడో శతాబ్దపు ఐరోపా పదాతి రెండు చేతులా పట్టే పొడవాటి బల్లెం పైక్ 16 అడుగులు అనుకుంటే 85 మి.మీ. వస్తుంది.

మాసిడోనియా పదాతి రెండు చేతులా పట్టే అతి పొడవైన బల్లెం సారిస్సా దగ్గర కాస్త ఆగాలి. క్రీ.పూ. 359లో అధికారంలోకి వచ్చిన మాసిడోనియా రాజు, అలెగ్జాండర్ తండ్రి రెండో ఫిలిప్ సైన్యంతో పేరు తెచ్చుకున్న ఈ ఆయుధం అన్ని కాలాల్లోనూ ఒకే పొడవు లేదు. అలెగ్జాండర్ తరానికి దగ్గరివాడైన గ్రీకు పండితుడు థియోఫ్రాస్టస్ అతి పొడవైన సారిస్సా 12 మూరలని రాశాడు. క్రీ.పూ. రెండో శతాబ్దపు గ్రీకు చరిత్రకారుడు పాలిబియస్ తన కాలంలో 14 మూరలని చెప్పాడు. మూరను 45 సెం.మీ.గా తీసుకుంటే మొదటిది 5.4 మీటర్లు, రెండోది 6.3 మీటర్లు. 28 మి.మీ. బొమ్మకు ఇవి 95, 110 మి.మీ. కనుక అలెగ్జాండర్ సైన్యం చేసేవాళ్లు 95 దాటనక్కర్లేదు. క్రీ.పూ. 197 నాటి సైనోసెఫాలే యుద్ధానికి, క్రీ.పూ. 168 నాటి పిడ్నాకు సైన్యం కట్టేవాళ్లు 110 దాకా వెళ్లొచ్చు. ఆ 15 మిల్లీమీటర్లతోనే రెండు సైన్యాలు పక్కపక్కన పెట్టినప్పుడు కాలం తేడా కనిపిస్తుంది.

కోసే ముందు ఒక పుల్లను ఆ పొడవుకు తుంచి బొమ్మ పక్కన నిలబెట్టి చూడండి. మొదటిసారి చూసినవాళ్లకు సారిస్సా ఎప్పుడూ "మరీ పొడవు" అనిపిస్తుంది. తగ్గించకండి. ఎదుటివాడి ఆయుధం అందేలోపే తన మొన తాకడానికి అది ఆ పొడవున ఉండేది.

రెండో అడుగు: లావు

నిజం బల్లెం కర్ర లావు రెండున్నర, మూడు సెంటీమీటర్లు. దాన్ని 28 మి.మీ. లెక్కకు తగ్గిస్తే అర మిల్లీమీటరు దగ్గరే ఆగుతుంది. కానీ బొమ్మ వేళ్లు, కత్తి, ముక్కు అన్నీ నిజం కన్నా లావుగా చెక్కి ఉంటాయి. వాటి మధ్య అర మిల్లీమీటరు తీగ కర్రలా కాకుండా వెంట్రుకలా కనిపిస్తుంది. ఎంతోమంది చేసి చూసి స్థిరపడ్డ లావు 0.8 మి.మీ. విసిరే ఈటెలకు 0.6 చాలు. బరువైన బరిసెలకు 1 మి.మీ. వాడొచ్చు. 15 మి.మీ. బొమ్మలకు 0.5 సరిపోతుంది.

మూడో అడుగు: ఏ తీగ

ఇత్తడి తీగతో మొదలుపెట్టండి. నిటారు ముక్కలుగా దొరికేదే కొనండి, చుట్టగా చుట్టింది వద్దు. ఇత్తడి మామూలు కటింగ్ ప్లేయర్‌తో తెగుతుంది, సుత్తికి లొంగుతుంది, ఆకురాయికి చక్కగా అరుగుతుంది. 50 మి.మీ. లోపు బల్లేలన్నింటికీ నేను ఇదే వాడతాను. అంతకు మించితే ఇత్తడికి బలం చాలదు. 100 మి.మీ. ఇత్తడి సారిస్సాను చొక్కా చేయి తగిలి వంచేయగలదు, వంగింది వంగినట్టే ఉండిపోతుంది.

పొడవాటి వాటికి స్ప్రింగ్ స్టీల్ తీగే వాడాలి. పియానో వైర్ అని అడిగినా ఇదే ఇస్తారు. వంచి వదిలితే తిరిగి నిటారుగా నిలబడుతుంది, ఈ గుణానికి మరేదీ సాటిరాదు. దీనికి రెండు కష్టాలున్నాయి. మామూలు ప్లేయర్‌తో కోస్తే తీగ తెగకపోగా ప్లేయర్ పళ్లకు గాట్లు పడతాయి. గట్టి తీగల కోసం చేసిన కటర్ కావాలి, లేదా ముక్కోణపు ఆకురాయితో చుట్టూ గాటు పెట్టి పట్టకారుతో విరవాలి. రెండోది, దీనికి అలుగు కొట్టడం ఇత్తడికన్నా కష్టం. ఆ మాట కిందికి వస్తుంది. తుప్పు కూడా పడుతుంది కనుక ప్రైమర్ వేయకుండా వదలకూడదు.

మెత్తని ఇనుప తీగను, పూలు కట్టే తీగను దగ్గరికి రానివ్వకండి. అచ్చు బల్లెం చేసిన తప్పునే అవీ చేస్తాయి. 15 మి.మీ., అంతకన్నా చిన్న బొమ్మలకు మాత్రం చాలామంది పట్టించుకోని ఓ మంచి వస్తువుంది: గట్టి నైలాన్ చీపురు లేదా బ్రష్ పోచలు. ఎంత వంచినా లేస్తాయి, వేలికి గుచ్చుకోవు, కత్తెరతో తెగుతాయి. కొసను ఏటవాలుగా కోస్తే చాలు, చేయి చాచినంత దూరం నుంచి అదే అలుగు. రంగు నిలవడానికి మాత్రం ముందు గరుకు కాగితంతో బాగా రుద్దాలి.

అలుగులతో సహా తయారుగా అమ్మే తీగ బల్లేలు కూడా దొరుకుతాయి. రెండు వందల మంది పదాతి ఉంటే అవి కొనడంలో తప్పేమీ లేదు. కొనేటప్పుడు అలుగు ఆకారం మీ సైన్యపు కాలానికి కుదురుతుందా, తీగ స్ప్రింగ్ గుణం ఉన్నదేనా అని ఈ రెండూ చూసుకోండి.

నాలుగో అడుగు: కోయడం

కోసిన ముక్క గురి లేని బాణంలా ఎగురుతుంది. కళ్లద్దాలు తప్పనిసరి, ఇందులో మినహాయింపు లేదు. తీగ రెండు కొసలూ వేళ్లతో పట్టుకోండి, లేదా కోసే చోటును ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టి కోయండి. ఒక చెక్క ముక్కకు మేకు కొట్టి, కావలసిన దూరంలో గీత గీసుకుంటే అన్నీ ఒకే పొడవు వస్తాయి. అలుగు తీర్చేటప్పుడు అరిగేదానికి 2 మి.మీ. అదనంగా ఉంచండి.

కోసిన కొస పదునుగా మిగులుతుంది. రెండు కొసలనూ అప్పుడే ఆకురాయితో మొద్దు చేసేయండి. తర్వాత చేద్దామనుకుంటే ఆలోపే గుచ్చుకుంటుంది.

ఐదో అడుగు: అలుగు కొట్టడం

మొత్తం పనిలో నాకు ఎక్కువ ఇష్టమైనది ఇదే. తీగ ముక్క మన కళ్ల ముందే ఆయుధమయ్యేది ఇక్కడ.

కావలసినవి: నున్నని ముఖం ఉన్న చిన్న సుత్తి, కింద పెట్టడానికి గట్టి ఉక్కు దిమ్మ, సన్నని ఆకురాళ్లు రెండు మూడు, తీగను పట్టుకోవడానికి పట్టకారు. సుత్తి ముఖం మీద గాట్లుంటే అవన్నీ అలుగు మీద అచ్చు పడతాయి. ముందు దాన్ని గరుకు కాగితంతో నునుపు చేసుకోండి.

మొదట కాల్చాలి. ఇత్తడి తీగ తయారీలో సాగి సాగి గట్టిపడి ఉంటుంది. అలాగే కొడితే అంచుల్లో చీలుతుంది. కొసన 6, 7 మిల్లీమీటర్లు మాత్రం మంటలో పెట్టండి. వెలుతురు తక్కువగా ఉన్న చోట చేస్తే మసక ఎరుపు కంటికి కనిపిస్తుంది. ఆ రంగు రాగానే తీసేయండి, సన్నని తీగకు రెండు మూడు క్షణాలకన్నా పట్టదు. ఎక్కువసేపు ఉంచితే కొస కరిగి ముద్దవుతుంది. ఇత్తడిని వెంటనే నీళ్లలో ముంచినా ఫరవాలేదు, మెత్తగానే ఉంటుంది.

ఉక్కు దీనికి పూర్తిగా విరుద్ధం. ఎర్రగా కాలిన ఉక్కును నీళ్లలో ముంచితే గాజులా పెళుసవుతుంది. కనుక ఎరుపు వచ్చాక మంటలోంచి ఒక్కసారిగా లాగకుండా, నెమ్మదిగా పైకి జరుపుతూ దానంతట అదే చల్లారనివ్వాలి. అప్పుడు కొస మెత్తబడుతుంది, మిగతా కర్రకు స్ప్రింగ్ గుణం అలాగే ఉంటుంది. కాల్చకుండా ఉక్కు కొసను కొట్టిన ప్రతిసారీ అది నిలువునా చీలింది. మొదట్లో అలా డజను తీగలు పాడయ్యాక ఈ మెట్టును ఎప్పుడూ దాటవేయలేదు.

ఇప్పుడు కొట్టడం. చల్లారిన కొసను దిమ్మ మీద ఆనించి తేలిక దెబ్బలు వేయండి. ఒక్క పెద్ద దెబ్బతో చదును చేయబోతే కొస పక్కకు జారుతుంది, అలుగు వంకరవుతుంది. నాలుగు దెబ్బలు, తిప్పి మళ్లీ నాలుగు. అలుగు ఒక పక్కకు అరటిపండులా వంపు తిరుగుతుంటే కంగారు పడకండి. బయటి అంచు ఎక్కువ సాగిందని అర్థం. లోపలి అంచు మీద, అంటే వంపు తొంగిచూసే వైపు, సుత్తిని కొద్దిగా వాల్చి రెండు దెబ్బలు వేస్తే ఆ అంచూ సాగి నిటారవుతుంది.

ఎంత వెడల్పు వస్తుంది? 0.8 మి.మీ. తీగను మూడో వంతు మిల్లీమీటరు మందానికి కొడితే సుమారు 1.5 మి.మీ. వెడల్పు వస్తుంది. అంతకన్నా వెడల్పు కావాలని కొడుతూ పోతే రేకు పలచబడి వేలు తగిలితే మడత పడుతుంది. మధ్యలో లోహం మొరాయిస్తున్నట్టు, సుత్తి ఎగిరి పడుతున్నట్టు అనిపిస్తే మళ్లీ గట్టిపడిందన్నమాట. మరోసారి కాల్చండి. ఒక అలుగుకు రెండుసార్లు కాల్చడం మామూలే.

ఆ తర్వాత ఆకురాయి. నిజం అలుగులు 20, 30 సెంటీమీటర్లుంటాయి గనుక 28 మి.మీ. బొమ్మకు 4 నుంచి 5 మిల్లీమీటర్ల అలుగు సరిపోతుంది. ముందు కొసను రెండు వైపులా ఏటవాలుగా కత్తిరించి, ఆపైన అంచులు అరగదీయండి. గ్రీకు బల్లేనికి ఆకు ఆకారం, అడుగున కాస్త వెడల్పు, పైకి సన్నగా. వైకింగ్ అలుగు పొడుగ్గా, నాజూగ్గా. పైక్ అలుగు చిన్నది. అన్నింటిలోనూ గుర్తుంచుకోవాల్సింది మెడ. అలుగు కర్రతో కలిసే చోటు సన్నబడితేనే కంటికి అది అలుగులా కనిపిస్తుంది. అక్కడ అరగదీయకుండా వదిలితే తెడ్డులా కనిపిస్తుంది. ఓపికుంటే రెండు ముఖాల మీదా నడుమ వెన్ను మిగిలేలా ఏటవాలుగా ఆకురాయి తిప్పండి. ఆ వెన్ను చాలా చిన్నదే కానీ రంగు వేసేటప్పుడు ఒక సగం వెలుగుగా, ఒక సగం నీడగా తీర్చడానికి దారి చూపిస్తుంది.

చివరగా మొన. దీన్ని పదును చేయొద్దు. మొనను ఆకురాయితో ఒక్కసారి తాకించి గుండ్రం చేయండి. మూడడుగుల దూరం నుంచి ఎవరికీ తేడా తెలియదు. ముప్పై ఉక్కు పైక్‌ల మీదుగా చేయి చాచి పాచికలు తీసుకునేవాడికి మాత్రం చాలా తేడా తెలుస్తుంది. పిల్లలున్న చోట ఉక్కు బల్లేల బదులు నైలాన్ పోచలే వాడండి.

సుత్తి పని వద్దనుకునేవాళ్లకు ఇంకో దారి ఉంది. పాత ప్లాస్టిక్ బల్లేల అలుగులను కోసి, అడుగున సన్నని రంధ్రం చేసి, తీగకు తొడిగి అంటించొచ్చు. చూడ్డానికి బాగుంటుంది. అతుకు దగ్గర కాస్త బలహీనం.

ఆరో అడుగు: అడుగు కొస, ప్రత్యేక ఆయుధాలు

డోరుకు అడుగున సౌరోటెర్ అనే మరో ములికి ఉంటుంది. బల్లేన్ని నేలలో గుచ్చి నిలబెట్టడానికి, పై అలుగు విరిగితే తిప్పి పొడవడానికి. తీగ రెండో కొసను నాలుగు పలకలుగా సన్నగా అరగదీస్తే అదే సౌరోటెర్. ఇది మరిచిపోతే హాప్లైట్ చేతిలో ఉన్నది ఎవరి బల్లెమైనా కావచ్చు.

పైలం చేయడం కాస్త వేరు. దానికి కర్ర ముందు సుమారు 60 సెం.మీ. సన్నని ఇనుప కమ్మి ఉంటుంది, 28 మి.మీ. లెక్కలో 10 మి.మీ. 0.5 లేదా 0.6 తీగను కమ్మిగా తీసుకుని, దాని మీద సన్నని ఇత్తడి గొట్టాన్ని కర్రగా తొడగండి. రెండూ కలిసే చోట ఎపాక్సీ పుట్టీతో చిన్న దిమ్మ కట్టండి. కమ్మి కొసను వెడల్పుగా కొట్టకండి, పైలం మొన చిన్నది.

బరిసెలకు జెండా పీలికలు కట్టాలంటే కాగితం కన్నా పలచని లోహపు రేకు మేలు. జిగురు పూసి కర్ర చుట్టూ మడిచి, తడిగా ఉండగానే పెన్సిల్ మీద అల అలగా వంచండి. పీలికలన్నీ ఒకే వైపు ఎగరాలి, గుర్రాలన్నీ ఒకే గాలిలో పరుగెత్తుతున్నాయి గనుక.

ఏడో అడుగు: పిడికిలి తొలచడం

కొన్ని బొమ్మలు చెయ్యి తెరిచి వస్తాయి. వేళ్లను పట్టకారుతో నెమ్మదిగా తీగ చుట్టూ మూస్తే పని అయిపోతుంది. బల్లెంతో కలిపి పోసిన బొమ్మ అయితే పిడికిలికి పైన, కింద కర్రను కోసేసి, ఆకురాయితో మట్టం చేసి, మధ్యలో తొలవాలి.

దీనికి చేతితో తిప్పే చిన్న డ్రిల్ చాలు, మోటారు వద్దు. తీగ కన్నా 0.1 మి.మీ. పెద్ద బిట్ వాడండి: 0.8 తీగకు 0.9 బిట్. సూదితో ముందు చిన్న గుంట పెట్టుకోకపోతే బిట్ జారి బొటనవేలిని తొలుస్తుంది. బిట్‌కు కొద్దిగా మైనం రుద్దండి. రెండు మూడు చుట్లు తిప్పాక వెనక్కి తీసి పొడి దులపండి. మెత్తని లోహం బిట్ గాడుల్లో నిండి పట్టేస్తుంది. అప్పుడు బలవంతం చేస్తే బిట్ లోపలే విరుగుతుంది, దాన్ని తీయడం కన్నా కొత్త చెయ్యి చెక్కడం తేలిక. పైనుంచి సగం, కిందినుంచి సగం తొలిస్తే రంధ్రం పక్కకు పోదు. మధ్యలో కొద్దిగా కలవకపోయినా బిట్‌ను అటూ ఇటూ ఆడిస్తే దారి ఏర్పడుతుంది.

పాత లోహపు బొమ్మల్లో సీసం ఉండొచ్చు. వాటిని పొడిగా రుద్దకండి, తడి చేసి రుద్దండి, పని అయ్యాక చేతులు సబ్బుతో కడగండి. రెసిన్ బొమ్మలకూ తడి, మూతికి మాస్కు తప్పనిసరి.

పట్టు ఎక్కడ పడాలన్నది ఇప్పుడే చూసుకోవాలి. డోరుకు అడుగు ములికి బరువు వల్ల పట్టు మధ్యకు కాస్త వెనక పడుతుంది. సారిస్సా విషయంలో పాలిబియస్ లెక్క చేతిలోనే ఉంది: 14 మూరల్లో 10 మూరలు సైనికుడి ముందుకు పొడుచుకు వస్తాయి, మిగతా 4 రెండు చేతుల మధ్య దూరానికి, వెనక బరువుకు పోతాయి. మన కొలతలో ముందు 79 మి.మీ., వెనక 31. మధ్యలో పట్టుకున్న సారిస్సా ఎంత బాగా చేసినా తప్పే.

ఎనిమిదో అడుగు: రంగు

బల్లేలకు విడిగా రంగు వేసి, బొమ్మ పూర్తయ్యాక అతికించండి. ముందే అతికిస్తే ముఖానికి, డాలుకు రంగు వేసే ప్రతిసారీ కుంచెకు అడ్డొస్తుంది.

నున్నని లోహం మీద రంగు పొరలా లేచిపోతుంది. నిలవాలంటే మూడు పనులు: 400 నంబరు గరుకు కాగితంతో నిలువునా రుద్దడం, స్పిరిట్‌తో తుడిచి వేళ్ల జిడ్డు పోగొట్టడం, లోహానికి పనికొచ్చే ప్రైమర్ పలచగా వేయడం. తుడిచాక అలుగు దగ్గర పట్టుకోకండి. థర్మోకోల్ ముక్కలో వరసగా గుచ్చి నిలబెడితే అన్నింటికీ ఒకేసారి వేయొచ్చు.

కర్ర రంగులో ఎక్కువమంది చేసే పొరపాటు ముదురు చాక్లెట్ రంగు. ఐరోపాలో బల్లేలకు ఎక్కువగా వాడిన యాష్ కలప పాలిపోయిన లేత రంగుది. ఇసుక రంగు అడుగున వేసి, పలచని గోధుమ రంగు నీళ్లలా పారించి, ఆరాక లేత రంగుతో నిలువు గీతలు నాలుగైదు లాగండి. చేయి పట్టే చోట కొంచెం ముదురు చేస్తే వాడిన ఆయుధంలా ఉంటుంది. అలుగుకు ముందు నలుపు కలిసిన లోహపు రంగు, ఆపైన వెన్నుకు ఒక వైపు మాత్రం వెండి రంగు. సౌరోటెర్‌కు కంచు రంగు. స్ప్రింగ్ స్టీల్ ఊగుతుంది గనుక మందంగా వేసిన రంగు పగుళ్లిస్తుంది. పలచని పొరలు, చివర రెండుసార్లు వార్నిష్.

తొమ్మిదో అడుగు: అతికించడం

బల్లెం ఊడేది జిగురు తక్కువై కాదు, ఒక్కచోటే అంటి ఉన్నందువల్ల. పిడికిలి ఒక్కటే పట్టుకుని ఉంటే పొడవాటి కర్ర మీటలా పనిచేస్తుంది. కొసన చిన్నగా తగిలినా ఆ బలమంతా పిడికిలి దగ్గర పడుతుంది. రెండో ఆనిక వెతకండి. నిలువుగా పట్టిన బల్లేనికి అడుగు కొస పీఠాన్ని తాకాలి, వీలైతే పీఠంలో 1 మి.మీ. రంధ్రం చేసి దింపండి. వాల్చి పట్టినదానికి భుజమో, డాలు అంచో, రెండో చెయ్యో ఆసరా. తలపైకెత్తి పొడిచే భంగిమలో రెండో ఆనిక దొరకదు. అక్కడ మాత్రం పిడికిలి రంధ్రం పూర్తి లోతుకు ఉండి తీరాలి.

జిగురు సంగతి. సూపర్ గ్లూ త్వరగా పడుతుంది కానీ అదురుకు పెళుసు. పొట్టి ఈటెలకు అది చాలు. పైక్‌లకు, బరిసెలకు రెండు భాగాలు కలిపే ఎపాక్సీ వాడండి. ఏ జిగురైనా సీసా మూతితో పోయకండి, గుండుసూది మొనతో రంధ్రంలో పెట్టండి. సూపర్ గ్లూ ఎక్కువైతే చుట్టూ ఉన్న రంగు మీద తెల్లని పొగమంచులా కమ్ముతుంది. అలా అయితే మ్యాట్ వార్నిష్‌తో చాలావరకు కప్పేయొచ్చు.

పదో అడుగు: వరసలో నిలబెట్టడం

ఒక్క బొమ్మ చేతిలో బాగున్న బల్లెం ఇరవై నాలుగు బొమ్మల మధ్య బాగుండకపోవచ్చు. ఏదీ అతికించకముందే మొత్తం దళాన్ని బంకమట్టితో తాత్కాలికంగా నిలబెట్టి చూడండి.

ఫాలాంక్స్‌లో, అంటే సారిస్సాలు పట్టి వరస వెనక వరసగా దగ్గర దగ్గరగా నిలబడే దళంలో, మొదటి ఐదు వరసల మొనలు ముందుకు వస్తాయని పాలిబియస్ రాశాడు. వరసకు వరసకు రెండు మూరల దూరం, కనుక మొనలు 10, 8, 6, 4, 2 మూరల దగ్గర ఆగుతాయి. 28 మి.మీ. లెక్కలో వరసల మధ్య 16 మిల్లీమీటర్లే. మన పీఠాలు చాలావరకు 20 మి.మీ. లోతు కనుక అంత దగ్గర కుదరదు, ఐదు వరసలు కట్టేవాళ్లూ తక్కువే. ముందు రెండు వరసలు అడ్డంగా, మూడోది వాలుగా, నాలుగోది దాదాపు నిలువుగా పెడితే కంటికి అదే భావం కలుగుతుంది. వెనక వరసలవాళ్లు సారిస్సాలను ముందువాళ్ల భుజాల మీదుగా పైకి వాల్చి, ఎగిరివచ్చే బాణాలను, ఈటెలను ఆపేవారు. ఆ వాలులో అన్నీ ఒకే కోణంలో ఉంటేనే క్రమశిక్షణ కనిపిస్తుంది. వైకింగ్ దళానికి మాత్రం దీనికి వ్యతిరేకం, ఒక్కో బల్లెం ఒక్కో తీరున ఉంటేనే అందం.

ముందుకు చాచిన 79 మిల్లీమీటర్లు ఆటలో ఇబ్బంది పెడతాయి. ఎదుటి దళం పీఠానికి పీఠం ఆనించాల్సి వచ్చినప్పుడు మొనలు వాళ్ల బొమ్మల మీదికి పోతాయి. ముందు వరసను నేలకు అడ్డంగా కాకుండా పది, పదిహేను డిగ్రీలు పైకెత్తండి, మొనలు ఎదుటివాళ్ల తలల పైనుంచి పోతాయి. పక్క పీఠాల మధ్య మొనలు చిక్కుకోకుండా, ప్రతి బల్లేన్నీ దాని పీఠం వెడల్పు లోపలే ఉంచండి. డీబీఏ వంటి ప్రాచీన యుద్ధాల వార్‌గేమ్ నియమాల్లో 15 మి.మీ. బొమ్మలకు 40 మి.మీ. వెడల్పు, 25, 28 మి.మీ. బొమ్మలకు 60 మి.మీ. వెడల్పు పీఠాలు వాడతారు కనుక చోటు చాలినంత ఉంటుంది.

పెట్టె ఎత్తు కూడా ముందే కొలుచుకోండి. నిలువుగా పట్టిన 110 మి.మీ. సారిస్సాకు పీఠంతో కలిపి 115 లోతు పెట్టె కావాలి. మూత బల్లేలను తాకే పెట్టెలో పెడితే ఇంత శ్రమా ఒక్క ప్రయాణంలో పోతుంది. పీఠాల కింద అయస్కాంతపు షీటు, పెట్టెలో ఇనుప రేకు ఉంటే బొమ్మ కదలదు, బల్లేనికి ఏదీ తగలదు.

ఇరవై నాలుగు కావాలంటే ముప్పై చేయండి. ఎంత జాగ్రత్త పడ్డా ఒకటో రెండో విరుగుతాయి, ఏడాది తర్వాత అదే కలప రంగు మళ్లీ కలపడం చాలా కష్టం. మిగిలిన ఆరింటికీ అదే పూట, అదే రంగుతో, అదే వార్నిష్ పూసి, ఒక స్ట్రా గొట్టంలో వేసి రెండు కొసలూ మూసి, దళం ఉన్న పెట్టెలోనే ఒక మూల అంటించి ఉంచండి.